కాకిని కెమెరాతో పట్టడం: విశాఖలో చాటు, బొమ్మ, కూతలతో చేసే పద్ధతి

విశాఖలో పక్షుల ఫొటోలు తీసేవాళ్లు తెల్లారేసరికి ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాలకో, కంబాలకొండ అడవికో బయల్దేరతారు. ఇంటి పిట్టగోడ మీద రోజూ వాలే కాకి జోలికి ఎవరూ పోరు. ఎప్పుడూ కళ్లెదుటే ఉండే పక్షి కదా, ఎప్పుడైనా తీయొచ్చులే అనుకుంటారు. ఒకసారి పెద్ద లెన్సు ఎత్తి చూస్తే సంగతి తెలుస్తుంది. టీ బడ్డీ దగ్గర కాళ్ల మధ్య నుంచి బన్ను ముక్క ఎత్తుకుపోయిన కాకే, కెమెరా కంటి దగ్గరకు వచ్చేలోపు ఎదురు మేడ టవరెక్కి కూర్చుంటుంది. మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటే దానికేమీ పట్టదు. తననే చూస్తూ ఒక మనిషి ఆగాడంటే మాత్రం అక్కడ ఉండదు.

ఈ ఊళ్లో ఫొటోకి తేలిగ్గా లొంగని పక్షి ఏదంటే నేను కాకి పేరే చెబుతాను. లొంగిన రోజున దాని మెడ చుట్టూ ఉన్న బూడిద రంగు, రెక్క మీద ఎండ పడ్డప్పుడు పారే నీలం, ఊదా మెరుపు, ముక్కు మొదట్లో వెంట్రుకల్లా నిక్కి ఉండే సన్నటి ఈకలు చూసి, "ఇది మన కాకేనా?" అంటారు ఇంట్లోవాళ్లు. అందుకోసం చేయాల్సిన పనంతా వరసగా రాస్తున్నాను. పద్ధతి అంతటికీ మూలం ఒక్కటే. గుంపు దిగేముందు ఒకటో రెండో కాకులు వచ్చి, ఎత్తు మీద కూర్చుని, కింద అంతా చూస్తాయి. వాటిని కావలి కాకులు అందాం. కావలి కాకికి అనుమానం రాకపోతే మిగతావి వాటంతట అవే దిగుతాయి. దానికి అనుమానం వస్తే మీ దగ్గర ఎంత ఖరీదైన లెన్సు ఉన్నా ఆ రోజుకి అంతే.

వేటగాళ్ల దగ్గర నేర్చుకున్న విద్య

చాటున దాక్కోవడం, బొమ్మలు నిలబెట్టడం, కూత కూయడం అనే ఈ మూడూ వేటగాళ్ల పద్ధతులే. అమెరికాలో కాకుల వేట పాత అలవాటు. పొలంలో ప్లాస్టిక్ కాకులను నిలబెడతారు, కర్ర మీద గుడ్లగూబ బొమ్మ పెడతారు, చెక్క పీకతో కాకిలా కూస్తూ పొద మాటున తుపాకీతో కూర్చుంటారు. అక్కడా హద్దు లేకపోలేదు. 1972లో కాకి వలసపక్షుల రక్షణ ఒప్పందం కిందకు వచ్చింది. అప్పటినుంచి ఏ రాష్ట్రమూ ఏడాదికి 124 రోజులకు మించి కాకుల వేటకు సీజను ఇవ్వకూడదు.

మన దేశంలో ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఊరకాకి చాలాకాలం ఎలుకలతో పాటు ఐదో షెడ్యూలులో, అంటే హానికర జీవుల జాబితాలో ఉండేది. 2022లో చేసిన సవరణ ఆ జాబితానే తీసేసింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కాబట్టి "కాకే కదా" అని ఉండేలు, ఎయిర్‌గన్ పట్టుకునే రోజులు పోయాయి. పైగా ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, వల పన్నడం, వాటికోసం ప్రయత్నించడం, పక్షుల గూళ్లను చెదరగొట్టడం, గుడ్లు పాడుచేయడం అన్నీ అందులోకే వస్తాయి. ఫొటోల కోసం చెట్టెక్కి గూట్లోకి తొంగిచూసేవాళ్లు ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. తుపాకీ పక్కన పెట్టేస్తే ఆ వేటగాళ్ల ఓపిక, నేర్పు మాత్రం మనకు అక్షరాలా పనికొస్తాయి.

ఏ కాకిని తీస్తున్నారో తెలుసుకోండి

విశాఖలో రెండు రకాలు కనిపిస్తాయి. ఊరకాకికి మెడ, రొమ్ము బూడిద రంగు, మిగతా ఒళ్లు నలుపు, పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. బొంతకాకి అంతకన్నా పెద్దది. ఒళ్లంతా నలుపే, ముక్కు లావుగా వంపు తిరిగి ఉంటుంది, గొంతు బొంగురుగా ఉంటుంది. ఊళ్లో గుంపులుగా తిరిగేది ఊరకాకి. సింహాచలం, కైలాసగిరి, కంబాలకొండ వాలుల్లో జంటగా కనిపించేది ఎక్కువగా బొంతకాకి. బొమ్మలు, కూతలు బాగా పనిచేసేది ఊరకాకి మీద. తోటి కాకులు ఎక్కడ దిగితే అక్కడికి వెళ్లడం దాని నైజం. బొంతకాకి ఒంటరి ఆలోచన చేస్తుంది. దానికి మంచి చాటు, ఓపిక తప్ప వేరే మందు లేదు.

చోటు ఎంచుకోవడం

కాకులను కొత్తచోటికి రప్పించాలని చూడకండి. అవి రోజూ వచ్చే చోటికే మీరు వెళ్లండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సొంత మేడను మించింది లేదు. తాళం మీ చేతిలో ఉంటుంది, చాటు కట్టి రోజుల తరబడి వదిలేయొచ్చు, వాటర్ ట్యాంకు వెనక నీడ ఉంటుంది. ఒక్క జాగ్రత్త: మేడ మీద పొడవాటి లెన్సుతో ఎవరో దాక్కున్నారంటే పక్కింటివాళ్లకు టెన్షన్ రావడం సహజం. అపార్ట్‌మెంటు అయితే అసోసియేషన్‌కి, చుట్టుపక్కల ఇళ్లకు ముందే వెళ్లి చెప్పండి. లెన్సు ఏ కిటికీ వైపూ తిరగకుండా చాటు కట్టండి.

నాకు బాగా నచ్చే చోటు జాలరిపేట తీరం. ఇసుక మీద నెత్తళ్లు ఆరబోసే వేళకు కాకులు వాలిపోతాయి. చేపను రెండు కాళ్ల కింద అదిమిపెట్టి తల ముందు తుంచే కాకి, ఒకేసారి రెండు చేపలు ముక్కున కరిచి మూడోదాని కోసం తంటాలు పడే కాకి అక్కడ కనిపిస్తాయి. అయితే ఆ చేపలు ఒక ఇంటి తిండి. అక్కడ బొమ్మలు పెట్టి, కూతలు వినిపించి ఇంకా కాకులను పోగేయడం తప్పు. చాటు ఒక్కటే వాడండి. ముందు ఆ చేపలకు కాపలా ఉన్న ఆవిడను అడగండి. "అమ్మా, మీ చేపల జోలికి రాను, కాకుల ఫొటోలు తీసుకుంటాను, ఈ పడవ పక్కన కూర్చోమంటారా?" అంటే "కూకో బాబూ" అనేవాళ్లే ఎక్కువ. ఆవిడ కాకులను తోలినప్పుడు విసుక్కోకండి. ఆ అదిలింపుకి ఒక్కసారిగా లేచే గుంపు మంచి ఫొటో.

ఫిషింగ్ హార్బరులో కాకులు, గద్దలు, కొంగలు కలిసి తిరుగుతాయి. చూడటానికి కన్నులపండుగే. కానీ పక్కనే పోర్టు, దగ్గర్లోనే నౌకాదళం ఉన్నాయి. లోపలికి వెళ్లే ముందు అక్కడి అధికారుల అనుమతి తీసుకోండి, ఓడల వైపు లెన్సు తిప్పకండి. డాల్ఫిన్స్ నోస్ వైపు, నేవీ గోడలున్న ఏ చోటైనా ఈ పని పెట్టుకోవద్దు. కంబాలకొండ అభయారణ్యం. అక్కడ కూత వినిపించడం, మేత వేయడం రెండూ వద్దు. దారి పక్కన నిశ్శబ్దంగా నిలబడి తీసుకోగలిగింది తీసుకోండి, చాలు.

ఇంకొక చోటు గురించి గట్టిగా చెప్పాలి. మహాలయ పక్షంలోనూ, తద్దినాల రోజునా తీరంలోనూ మేడల మీదా కాకి కోసం ముద్ద పెట్టి ఎదురుచూసే కుటుంబాలు ఉంటాయి. కాకి ముట్టిందా లేదా అన్నది వాళ్లకు చాలా పెద్ద విషయం. మీ లెన్సు చూసి కావలి కాకి ఎగిరిపోతే ఆ బాధ వాళ్లది. ఆ దరిదాపుల్లో కూర్చోకండి.

వెలుగు, గాలి

విశాఖలో సూర్యుడు త్వరగా వస్తాడు. మే, జూన్‌లలో ఐదున్నరకల్లా వెలుగు పడుతుంది. డిసెంబరు చివర్లో ఆరుంపావు దాటుతుంది. తీరంలో పొద్దున కూర్చుంటే సముద్రాన్ని వీపు వైపు పెట్టుకోండి. అప్పుడు ఎండ కాకి మీద నేరుగా పడుతుంది, నలుపులో వివరం కనిపిస్తుంది. సముద్రం వైపు తిరిగి తీస్తే నల్లటి ఆకారమే మిగులుతుంది. అదే కావాలంటే సరే.

గాలి గురించి వేటగాళ్లు చెప్పే మాట ఒకటుంది, కెమెరాకీ అంతే వర్తిస్తుంది. పక్షి గాలికి ఎదురుగా వాలుతుంది. గాలి మీ వీపు నుంచి ముందుకు వీస్తే, వాలే కాకి మీ వైపు ముఖం పెట్టి, రెక్కలు విప్పి, కాళ్లు ముందుకు చాపి దిగుతుంది. గాలి ఎదురుగా వీస్తే మీకు తోక మాత్రమే దొరుకుతుంది. మన తీరంలో తెల్లవారుజామున గాలి సాధారణంగా నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఎండెక్కే కొద్దీ సముద్రం నుంచి నేల వైపు మళ్లుతుంది. అందుకే పొద్దున్నే కూర్చున్న కాకుల ఫొటోలు, గాలి మళ్లాక వాలే కాకుల ఫొటోలు తీయడం మేలు. చాటు మీద ఒక నూలు దారం వేలాడదీయండి, గాలి ఎటుందో అదే చెబుతుంది.

కెమెరా లేకుండా కొన్ని రోజులు

చోటు కుదిరాక మొదటి నాలుగైదు రోజులు ఊరికే చూడండి. కాకులు ఎటు నుంచి వస్తున్నాయి, ఏ వేళకి వస్తున్నాయి, కావలి కాకి ఎక్కడ కూర్చుంటోంది అన్న మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కేబుల్ తీగ చివర, సెల్ టవరు, కొబ్బరిచెట్టు మొవ్వు, ఇలా ప్రతి వీధిలో దానికి ఇష్టమైన కొలువు ఒకటుంటుంది. మీ చాటు కట్టాల్సింది ఆ కొలువు నుంచి చూసే కంటికి. కింద దిగే కాకుల కంటికి మాత్రమే కడితే చాలదు. చాలామంది చాటుకి ముందువైపు బ్రహ్మాండంగా కడతారు, పైన మాత్రం తెరిచి వదిలేస్తారు. పైనుంచి చూసే కాకికి లోపల స్టూలు మీద మనిషి పూర్తిగా కనిపిస్తుంటాడు.

చాటు కట్టడం

కాకి మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటుంది. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మార్జ్‌లఫ్ బృందం 2006లో ఆదిమానవుడి ముసుగు వేసుకుని 7 కాకులను పట్టి, కాళ్లకు గుర్తులు వేసి వదిలింది. తర్వాత ఆ ముసుగుతో ఎవరు నడిచినా కాకులు వెంటపడి అరిచాయి, ఏళ్ల తరబడి అరిచాయి. అసలు పట్టుబడని కాకులు కూడా ఆ గోలలో కలిశాయి. మరో ముసుగు వేసుకుని నడిచినవాళ్లను పెద్దగా పట్టించుకోలేదు. అవి అమెరికా కాకులు. మన కాకులతో కొన్నాళ్లు మసిలినవాళ్లెవరికీ ఇందులో ఆశ్చర్యం కలగదు. ఒకసారి కర్ర విసిరిన పిల్లాడిని వీధి కాకులు ఎంతకాలం వెంటాడతాయో మనకు తెలిసిందే. కాబట్టి కాకుల ముందు మీ ముఖం చెడగొట్టుకోకండి. వాటిని అదిలించే పని, చేపల కాపలా పని మీరు చేయకండి.

మేడ మీద చాటుకి కావలసినవి తక్కువే. నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్, నాలుగు వెదురు కర్రలు గానీ పీవీసీ పైపులు గానీ, ఒక పాత ముదురు రంగు దుప్పటి. నాలుగు అడుగుల చదరం, నాలుగున్నర అడుగుల ఎత్తు సరిపోతుంది. షేడ్ నెట్ రెండు పొరలు వేయండి, పైకప్పు కూడా అదే. లోపల మీ వీపు వెనక దుప్పటి కట్టండి. ఇది తప్పనిసరి. వెనక వెలుగుంటే మీ తల నీడ వల మీద కదులుతుంది, కాకి చూసేది ఆ కదలికనే. తీరంలో అయితే పాత చేపల వల, తాటాకు మట్టలు చాలు. అక్కడ అవి ఎప్పుడూ ఉండేవే కాబట్టి కాకి రెండోసారి చూడదు.

చాటు కట్టిన రోజే కూర్చోకండి. నాలుగైదు రోజులు ఖాళీగా వదిలేయండి. లెన్సు బయటికొచ్చే కంతలో నల్ల రంగు వేసిన ప్లాస్టిక్ సీసాను, మూతి బయటికి ఉండేలా పెట్టండి. రోజూ అక్కడ ఒక నల్లటి గుండ్రటి వస్తువు ఉండటం కాకులకు అలవాటవుతుంది. మీరు వచ్చిన రోజున సీసా తీసి లెన్సు పెడితే వాటికి కొత్తగా ఏమీ కనిపించదు. లెన్సు చుట్టూ పాత నల్ల టీషర్టు చెయ్యిని తొడుగులా కట్టండి, కంతలో సందు ఉండకూడదు.

మిగతా జాగ్రత్తలు చిన్నవే అయినా పని చెడేది వాటి దగ్గరే. చేతులకు, ముఖానికి ముదురు రంగు గుడ్డ ఉండాలి. చేతులు తెల్లగా కదిలితే వల లోంచి కూడా తెలుస్తుంది. వాచీ, ఉంగరం తీసేయండి. ఫోను సైలెంటులో పెట్టి, స్క్రీను వెలుగు తగ్గించండి. కెమెరాలో శబ్దం లేని షట్టరు ఉంటే అదే వాడండి. లెన్సును గడియారం ముల్లంత నెమ్మదిగా తిప్పాలి. ఏప్రిల్, మేలలో ఉక్క మామూలుగా ఉండదు. టార్పాలిన్‌తో చాటు కడితే లోపల ఉడికిపోతారు. గాలి ఆడే వలే వాడండి, రెండు లీటర్ల నీళ్లు దగ్గర పెట్టుకోండి, ఎనిమిదిన్నర దాటాక పట్టుదలకు పోకండి.

చాటు కట్టే వీలు లేనివాళ్లకు కారు ఉంది. కాకులకు కారంటే లెక్కే లేదు. ఇంజను ఆపి, కిటికీకి వల కట్టి, పాత జీన్సు ప్యాంటు కాలిని ఒకవైపు కుట్టి, కిలోన్నర బియ్యం పోసి రెండోవైపు కూడా కుట్టేసి, ఆ సంచిని అద్దం అంచు మీద పెట్టి దాని మీద లెన్సు ఆనించండి. ట్రైపాడ్ కన్నా బాగా కుదురుతుంది.

బొమ్మలు

బొమ్మ పని కాకిని దింపడం. "ఇక్కడ ఒకటి తింటోంది, ఏ ప్రమాదమూ లేదు" అని కావలి కాకికి చెప్పడం. ఈ ఒక్క మాట చెప్పలేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా దండగ.

మన రైతులు చచ్చిన కాకిని కర్రకి వేలాడదీసి చేల మీదకు కాకులు రాకుండా చేయడం చూసే ఉంటారు. చచ్చిన కాకి కనపడితే మిగతావి పైన తిరుగుతూ గోల చేస్తాయి తప్ప కింద దిగవు. కాబట్టి బొమ్మను వేలాడదీయకూడదు, పక్కకి పడిపోయేలా పెట్టకూడదు, రెక్కలు విప్పి ఉంచకూడదు. గాలికి ఒరిగిపోయిన బొమ్మ అయితే చచ్చిన కాకి కిందే లెక్క. అందుకే అడుగున బరువు ఉండాలి.

చేసుకోవడం కష్టం కాదు. థర్మాకోలు గానీ, దారంతో బిగించి చుట్టిన కొబ్బరి పీచు గానీ తీసుకుని శరీరం ఆకారం చేయండి. ముక్కు నుంచి తోక దాకా 40 సెంటీమీటర్లు. ముక్కుకి వేపపుల్ల చెక్కి ఎమ్‌సీల్‌తో అతికించండి, కాళ్లకు ఇనుప తీగ, అడుగున చెక్క పలక. రంగు దగ్గరే అందరూ పొరపడతారు. మెరిసే నలుపు వద్దు. ఎండలో అది బకెట్టులా తళుక్కుమంటుంది, నిజమైన ఈక మెరుపు అలా ఉండదు. మెరుపు లేని నల్ల పెయింటు వేసి, మెడకి, రొమ్ముకి బూడిద రంగు పూసి, రెండు రంగులు కలిసేచోట తడి గుడ్డతో తుడిచి గీత లేకుండా చేయండి. నేల మీద దొరికిన అసలు ఈకలు అతికించకండి. అడవి పక్షుల ఈకలు దగ్గర పెట్టుకోవడం చట్టపరంగా చిక్కు తెస్తుంది.

రెండు బొమ్మలు చాలు, మూడు ఎక్కువే. ఒకటి తల వంచి తింటున్నట్టు, ఒకటి తల ఎత్తి చూస్తున్నట్టు. రెండూ తలెత్తి ఉంటే అవి ఏదో చూసి బెదిరినట్టు అర్థం, కావలి కాకి కూడా బెదురుతుంది. రెండిటి ముఖాలూ కాస్త అటూ ఇటూగా గాలికి ఎదురుగా ఉండాలి. వాటి మధ్య మీటరు, మీటరున్నర దూరం వదిలి, మీ లెన్సుకి ఎదురుగా రెండు మీటర్ల ఖాళీ జాగా ఉంచండి. కాకి దిగేది ఆ ఖాళీలోకి. బొమ్మలు ఫొటోలో పడకుండా పక్కకి ఉండాలి. ఖాళీ జాగాకి ఒక అంచున ఎండుకొమ్మ ఒకటి నిలబెట్టండి. నేల మీద దిగేముందు కాకి చాలాసార్లు దాని మీద ఆగుతుంది, ఆ రోజు అసలు ఫొటో అదే అవుతుంది.

గుడ్లగూబ బొమ్మ పెడితే కాకులు గుంపుగా వచ్చి దాని మీద దాడి చేస్తాయి. రాత్రిపూట కాకులను ఎత్తుకుపోయేది గుడ్లగూబే కాబట్టి పగలు దొరికితే వదలవు. అమెరికా వేటగాళ్లు ఎక్కువగా నమ్ముకునేది దీన్నే. ఫొటోలు కూడా ఉధృతంగా వస్తాయి. నేను మాత్రం వద్దంటాను. ఆ గోల పక్షులకు నిజమైన భయం, నిజమైన శ్రమ. పైగా ఆ చోటంటే వాటికి గుడ్లగూబ ఉన్న చోటని గుర్తుండిపోతుంది, మర్నాడు మీ చాటు ముందు ప్రశాంతంగా తినే కాకి ఉండదు.

మేత వేసేది గుప్పెడే. అన్నం మెతుకులు, ఉడికిన గుడ్డు ముక్కలు. కారం, నూనె, ప్లాస్టిక్ కవర్లు వద్దు. రోజూ ఒకే వేళకి వేయాలి. నేలలో చిన్న పల్లం ఉన్నచోట వేస్తే మెతుకులు ఫొటోలో కనిపించవు.

కూత

కూతను పొదుపుగా వాడాలి. చెప్పేది ఇంతే అయినా పాటించేవాళ్లు తక్కువ. చిన్న బ్లూటూత్ స్పీకరును చాటులో కాకుండా బొమ్మల దగ్గర, ఇటుక వెనక దాచండి. కూత చాటులోంచి వస్తే కాకుల చూపు చాటు మీద పడుతుంది. జెనో-కాంటో లాంటి వెబ్‌సైటులో ఊరకాకి కూతలు దొరుకుతాయి. కానీ మీ వీధి కాకులు మేత దొరికినప్పుడు అరిచే కూతను మీరే ఫోనులో రికార్డు చేసుకుంటే ఇంకా మేలు. చెవి పెట్టి వింటే తేడా తెలుస్తుంది. మేత దగ్గర కూత పొట్టిగా, మధ్యలో ఖాళీలతో, తొందర లేకుండా ఉంటుంది. ప్రమాదం చూసినప్పటి కూత గరుకుగా, ఊపిరి తిప్పుకోకుండా వస్తుంది. రెండోదాన్ని ఎప్పుడూ వినిపించకండి. కాకులు కచ్చితంగా వస్తాయి. కానీ వచ్చేది గొడవకి, పోయేది పగతో.

మూడు నాలుగు కావ్‌లు, తక్కువ వాల్యూములో వినిపించి పది నిమిషాలు ఆపండి. జవాబు వస్తే ఇక స్పీకరు ముట్టుకోకండి. రెండోసారికీ రాకపోతే ఆ రోజు ఇంక వినిపించకండి.

కెమెరా సర్దుబాటు

దూరం ముందే కొలుచుకోండి. క్రాప్ సెన్సారు (ఫుల్ ఫ్రేము కన్నా చిన్న సెన్సారు) కెమెరాకి 250 ఎం.ఎం. లెన్సు ఉంటే ఏడు మీటర్లు, 400 ఎం.ఎం. ఉంటే పదకొండు మీటర్లు. ఆ దూరంలో కాకి ఫ్రేములో మూడింట రెండు వంతులు నిండుతుంది, రెక్క విప్పడానికి కాస్త చోటు మిగులుతుంది. కూర్చున్న కాకికి సెకనులో 500వ వంతు, వాలే కాకికి 1600వ వంతు షట్టరు వేగం. అపర్చరు, అంటే లెన్సు లోపలి కంత కొలత, 5.6 నుంచి 8 మధ్య. ఐఎస్‌ఓను (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయిని) ఆటోలో వదిలేయండి, రా ఫైలులో, అంటే కెమెరా కుదించని ఫైలులో తీయండి.

నలుపు కెమెరాని తికమక పెడుతుంది. కాకి ఫ్రేము నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిదగా చూపించాలని వెలుగు పెంచుతుంది. అప్పుడు ఎక్స్‌పోజరు ముప్పావు స్టాపు తగ్గించండి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది). వెనక ఆకాశం ఉంటే వ్యవహారం తిరగబడుతుంది, కాకి బొగ్గులా మిగులుతుంది. అప్పుడు ఒకటి, ఒకటిన్నర స్టాపు పెంచండి. ఫోకస్ కంటి మీదే. నల్ల ముఖంలో నల్ల కన్ను కాబట్టి అందులో వెలుగు చుక్క పడకపోతే ఫొటోకి ప్రాణం రాదు. కాకి తల కొద్దిగా సూర్యుడి వైపు తిప్పే దాకా ఆగండి. మధ్యమధ్యలో కంటి మీదకు తెల్లటి పొర ఒకటి జారి పోతుంటుంది, అందుకే ఒక్కటి కాకుండా నాలుగైదు వరసగా తీయండి.

ఫోను మాత్రమే ఉన్నవాళ్లు నిరాశపడక్కర్లేదు. ఫోనును ఇటుకల మధ్య, మేతకి రెండడుగుల దూరంలో పెట్టి బ్లూటూత్ రిమోటుతో క్లిక్ చేయండి. ముందు రెండు మూడు రోజులు ఫోను సైజులో నల్ల అట్టముక్క అక్కడ పెట్టి అలవాటు చేస్తే సరి.

ఎప్పుడు వద్దు

ఏప్రిల్ నుంచి జులై దాకా ఊరకాకుల గూళ్ల కాలం. కోయిల వాటి గూళ్లలో గుడ్లు పెట్టాలని తిరిగేదీ అప్పుడే. కాకులు ఆ రోజుల్లో అసలే కోపంగా ఉంటాయి, దారినపోయేవాళ్ల తల మీద తంతాయి. గూడున్న చెట్టు దగ్గర బొమ్మ, కూత రెండూ మానేయండి. తల్లి గూడు వదిలి మీ బొమ్మ వెంట పడితే గుడ్లు ఎండకి దొరుకుతాయి. గూటి ఫొటో దూరం నుంచి తీసినా దాని ఆచూకీ ఎక్కడా పెట్టకండి.

ఒకేచోట చాలా కాకులు చచ్చిపడితే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖ వాళ్లకి చెప్పండి. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో బర్డ్ ఫ్లూ మొదట బయటపడింది కాకుల చావులతోనే.

ఆ ఉదయం

చీకటి ఉండగానే చాటులోకి వెళ్లాలి. కాకులు లేచాక వెళ్తే మీరు లోపల ఉన్నట్టు అన్నిటికీ తెలిసిపోతుంది. ఆలస్యమైతే ఇంకొకరిని తోడు తీసుకుని ఇద్దరూ లోపలికి వెళ్లండి, కాసేపటికి ఆ రెండో మనిషి బాగా కనపడేలా బయటికొచ్చి మేడ దిగి వెళ్లిపోవాలి. చాలా పక్షులు దీనికి మోసపోతాయి. కాకి ఒక్కోసారి మోసపోతుంది, ఒక్కోసారి పోదు. కాబట్టి చీకటినే నమ్ముకోండి.

బొమ్మలు, మేత, స్పీకరు అన్నీ వెలుగు రాకముందే సర్దేయాలి. మొదటి వెలుగుకి ఊరంతా అరుపులు మొదలవుతాయి. ఇంకాసేపటికి కావలి కాకి వచ్చి తన కొలువులో కూర్చుంటుంది. అప్పుడు కెమెరా మీద చెయ్యి వేయకండి. అది తల అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక కంటితో చాటుని, ఇంకో కంటితో బొమ్మని చూస్తుంది. ముక్కు కొమ్మకేసి రాసుకుంటే, ఈకలు దువ్వుకుంటే సగం నమ్మినట్టు. ఒళ్లంతా సన్నగా చేసుకుని మెడ చాపిందంటే ఏదో తేడా పసిగట్టింది. కదలకుండా ఉండండి, అంతే.

అది దిగినా తీయకండి. ఇది చాలా కష్టం, కానీ మొదటి కాకిని వదిలేయాలి. అది రెండు మెతుకులు తిని, మూడోది గొంతులో దాచుకుని, పక్కకి గెంతి, మళ్లీ వచ్చే దాకా వేలు షట్టరు మీద ఉండకూడదు. రెండోది దిగాక, మూడోది కొమ్మ మీద ఆగాక మొదలుపెట్టండి. అప్పటికి అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ, తిండి కోసం పోట్లాడుకుంటూ ఉంటాయి. మీ చాటు సంగతి వాటికి గుర్తుండదు.

అరగంట దాటినా ఏదీ దిగకపోతే ముందు పైకప్పు చూసుకోండి, తర్వాత బొమ్మ ఒరిగిందేమో చూసుకోండి. దాదాపు ఎప్పుడూ ఈ రెండింట్లో ఒకటే కారణం. రెండూ సరిగ్గానే ఉంటే దగ్గర్లో పిల్లి గానీ గద్ద గానీ ఉన్నట్టు. ఆ రోజుకి ఫ్లాస్కులో టీ తాగి, వాటిని చూస్తూ కూర్చోండి.

బయటికి రావడం

ఫొటోలు బాగా వచ్చాయన్న ఉత్సాహంలో కాకులు ఉండగానే చాటులోంచి లేచి నిలబడితే, అన్ని రోజుల పనీ ఆ క్షణంలో పోతుంది. చాటులో మనిషి ఉంటాడని వాటికి ఒకసారి తెలిస్తే నెలల తరబడి అటు రావు. మేత అయిపోయేదాకా ఆగండి, అవే వెళ్లిపోతాయి. తొందరైతే ఇంట్లోవాళ్లకి ఫోనులో మెసేజ్ పెట్టండి. వాళ్లు బట్టలు ఆరేయడానికి మామూలుగా మేడెక్కితే కాకులు మామూలుగానే లేచిపోతాయి, అప్పుడు మీరు రావచ్చు. కావలి కాకి కొలువు ఖాళీ అయ్యిందో లేదో కూడా చూసుకోండి. బొమ్మలను అక్కడే వదిలేయకుండా గోనెసంచిలో వేసి కిందకి తెచ్చేయండి. పగలంతా ఒకే భంగిమలో ఉన్న బొమ్మను కాకులు సాయంత్రానికల్లా పట్టేస్తాయి. కంతలో నల్ల సీసా మళ్లీ పెట్టి, మిగిలిన మెతుకులు చీపురుతో ఊడ్చి దిగండి.